పెరటి కోడి కంచం

గోదావరి పక్క పినపాక వైపు పల్లెల్లో గిన్నెలు కడిగే చోటే కోళ్ళు మేసే చోటు. పొద్దు అడవి వెనక్కి జారే వేళకు ఇంటావిడ అన్నం దాక తెచ్చి పెరట్లో గీకుతుంది. అడుగున అంటిన మాడు, నానిన మెతుకులు, రెండు పప్పు చుక్కలు, ఎవరో పక్కన పెట్టిన పచ్చిమిరపకాయ, చేప ముల్లు. అప్పటిదాకా ఎక్కడున్నాయో గానీ, దాక చప్పుడు వినగానే కోళ్ళు కంచె కింద నుంచి, పత్తికట్టెల కుప్ప వెనక నుంచి పరుగెత్తుకొస్తాయి. రెండు నిమిషాల్లో ఆ నేల ఊడ్చినట్టు శుభ్రమవుతుంది.

"అన్నీ తింటాయా పెద్దమ్మా?" అని అడిగితే, "మనం తినేవన్నీ తింటయి బిడ్డా, వాటికేమైతది?" అన్న జవాబే వస్తుంది.

ఆ జవాబు చాలావరకు నిజమే. నిజం కాని కొద్ది చోట్ల మాత్రం కోడి ప్రాణం మీదికి వస్తుంది. పెరట్లో పది కోళ్ళున్న ఇంటికి అవి బ్యాంకు ఖాతాతో సమానం. పిల్లకు జ్వరమొస్తే మందుల ఖర్చు, చుట్టం వస్తే కూర, భూమి పండుగకు మొక్కు, అన్నీ అక్కడి నుంచే రావాలి. అందుకే కోడి కంచంలో ఏముందో తెలుసుకోవడం చిన్న విషయం కాదు.

అసలు కోడి మనింటికి వచ్చిందే మన తిండి కోసం. కోళ్ళన్నిటికీ మూలం ఎర్ర అడవికోడి. దాన్ని మనిషి మచ్చిక చేసుకున్నది పందేల కోసమని కొందరు, బలుల కోసమని కొందరు చాలాకాలం వాదించారు. ప్రపంచమంతటా తవ్వకాల్లో దొరికిన కోడి ఎముకలను మళ్ళీ పరీక్షించిన ఒక అంతర్జాతీయ బృందం 2022లో వేరే మాట చెప్పింది. మచ్చికైన కోడివని నమ్మకంగా చెప్పగల అతి పాత ఎముకలు థాయ్‌లాండ్‌లోని బాన్ నాన్ వాట్ అనే చోట దొరికాయి. వాటి కాలం క్రీ.పూ. 1650, 1250 మధ్య. వరి, చిరుధాన్యాల సాగు ఆ ప్రాంతానికి చేరిన రోజులవి. కళ్ళంలో రాలిన గింజ కోసం అడవికోడి చెట్టు దిగి వచ్చిందనీ, తిరిగి వెళ్ళలేదనీ ఆ శాస్త్రజ్ఞుల అభిప్రాయం. కోడికీ మనకూ ఉన్న చుట్టరికం మొదటి రోజు నుంచీ గింజ చుట్టరికమే.

ఈ సంగతి పినపాకలో చెప్పుకోవడానికి మరో కారణం కూడా ఉంది. ఎర్ర అడవికోడి ఉత్తరాన, తూర్పున; బూడిదరంగు అడవికోడి దక్షిణాన. ఈ రెండు జాతుల ఎల్లలు ఇంచుమించు గోదావరి ప్రాంతంలోనే కలుస్తాయని పక్షి శాస్త్రజ్ఞులు రాస్తూ వచ్చారు. నాటుకోడిని కాల్చి శుభ్రం చేశాక కొన్నింటి చర్మం, కాళ్ళు పసుపుపచ్చగా కనిపిస్తాయి కదా. ఆ పసుపును నిలిపే జన్యువు ఎర్ర అడవికోడి నుంచి రాలేదని, బూడిదరంగు అడవికోడి నుంచి వచ్చిందని 2008లో తేలింది. అంటే మన కోడి ఒంట్లో దక్షిణాది అడవి నెత్తురూ ఉంది. జన్యువు ఉన్నా రంగు మాత్రం మేత నుంచే రావాలి. మొక్కజొన్న, మునగాకు, తోటకూర తిన్న కోడికి కాళ్ళూ పచ్చసొనా పసుపెక్కుతాయి. ఉత్తి బియ్యం మీద బతికేదానికి సొన పాలిపోతుంది.

కోడికి పళ్ళు లేవు. తిన్నది ముందు మెడ కింద ఉన్న సంచిలో చేరుతుంది. సాయంత్రం గంప కింద కమ్మేటప్పుడు చేతికి ఉబ్బుగా తగిలేది ఈ మేతసంచే. అక్కడ గింజ కాస్త నాని, చిన్న జఠరాన్ని దాటి, కందనకాయలోకి వెళుతుంది. ఇంటి తిరగలి ఎలాగో కోడికి కందనకాయ అలాగ. గట్టి కండ, లోపల కోడి ఏరుకుని మింగిన గులకరాళ్ళు. కూరకు కోసేటప్పుడు పసుపుపచ్చగా ఊడివచ్చే గరుకు పొర ఆ తిరగలికి లోపలి తాపడం. నేల మీద తిరిగే కోడికి ఇసుక, మొరం ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి గట్టి జొన్న గింజైనా పిండైపోతుంది. పెరడంతా సిమెంటు చేసుకున్న ఇళ్ళలో మాత్రం ఓ మూల గుప్పెడు ఇసుక పోసి ఉంచాలి.

గట్టిదాన్ని అరిగించగల యంత్రం ఉందని విషాన్ని కూడా అరిగించగలదనుకోవడమే మనం చేసే మొదటి పొరపాటు. కందనకాయ నూరగలదు, అంతే.

*

వంటింటి నుంచి కోడికి రెండు దారుల్లో తిండి వెళుతుంది. వండక ముందు తీసేసినవి ఒక దారి: చెరిగిన చిట్టు, నూకలు, తొక్కలు, కాడలు, పుచ్చులు. వండాక మిగిలినవి రెండో దారి: మెతుకులు, కూర, పచ్చడి, ముళ్ళు. మనం తినేది ఈ రెంటికీ నడుమ ఉంటుంది. వండక ముందు కొన్ని పదార్థాల్లో ఉండే విషాన్ని మన పొయ్యి, మన నీళ్ళు తీసేస్తాయి. వండాక మనం వాటిలోకి ఉప్పూ నూనే చేరుస్తాం. కాబట్టి "మనం తినేవన్నీ" అన్న మాటను కొంచెం సవరించుకోవాలి. కోడికి చేరేవి మనం తినేవి కావు, మనం తినేవాటి చుట్టూ మిగిలినవి.

మొదటి దారిలో పోయే వాటిలో అన్నిటికన్నా విలువైనది తవుడు. దాని విలువను లోకానికి తెలియజెప్పింది కోళ్ళే. ఆ కథ పోపు పెట్టకుండా చెప్పినా రుచిగా ఉంటుంది.

1880లలో జావా దీవిలో డచ్చి సైన్యాన్ని బెరిబెరి రోగం పీడించింది. కాళ్ళు చచ్చుబడి, గుండె బలహీనపడి సైనికులు చనిపోయేవారు. ఇది ఏదో క్రిమి వల్లే వస్తుందని అందరి నమ్మకం. ఆ క్రిమిని పట్టుకోవడానికి క్రిస్టియాన్ ఐక్‌మన్ అనే యువ వైద్యుడు బటావియాలోని సైనిక ఆసుపత్రి ఆవరణలో కోళ్ళ మీద ప్రయోగాలు మొదలుపెట్టాడు. కొంతకాలానికి రోగం ఎక్కించిన కోళ్ళతోపాటు ఎక్కించని కోళ్ళు కూడా కాళ్ళు తూలుతూ, మెడ వెనక్కి విరుచుకుంటూ పడిపోసాగాయి. తర్వాత ఒక రోజు నుంచి, ఎవరూ ఏ మందూ ఇవ్వకుండానే, అన్నీ కోలుకున్నాయి. ఐక్‌మన్ ఆరా తీస్తే తెలిసిందేమిటంటే, కోళ్ళను చూసే పనివాడు ఆసుపత్రి వంటశాలలో మిగిలిన తెల్లటి అన్నం తెచ్చి వాటికి వేస్తున్నాడు. వంటశాలకు కొత్త వంటవాడు వచ్చాడు. సైన్యానికని వండిన మంచి బియ్యపన్నం సైన్యానివి కాని కోళ్ళకు పెట్టడం కుదరదన్నాడు. దాంతో కోళ్ళకు పొట్టు తీయని ముతక బియ్యం వేశారు. రోగం పోయింది.

అంటే వాటిని పడగొట్టింది మిగిలిన అన్నమే. అందులో విషమేమీ లేదు. ఉండాల్సింది లేదు. గింజ మీది పొరను మిల్లు గీకేసినప్పుడు దానితోపాటు పోయిన పదార్థాన్ని 1926లో తవుడు నుంచే విడదీశారు. దాన్నే ఇప్పుడు బి1 విటమిన్, థయమిన్ అంటున్నాం. 1929లో ఐక్‌మన్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. విటమిన్లు ఉన్నాయని లోకానికి తెలియడంలో ఒక పెరటి కోడి గుంపుకూ, పేరు తెలియని వంటవాడికీ పాత్ర ఉందన్నది నాకెప్పుడూ తృప్తినిచ్చే విషయం.

గోదావరి ఒడ్డు కోయ పల్లెల్లో ఒకప్పుడు జొన్నలు, సామలు, కొర్రలు ఇంట్లోనే దంచేవారు. రోటి చుట్టూ రాలే చిట్టు, తవుడు, నూక కోళ్ళకు పోయేవి. దంచే చప్పుడు వింటే చాలు కోళ్ళు చేరేవి. ఇప్పుడు వడ్లు మిల్లుకు వెళతాయి, లేదా రేషన్ దుకాణం నుంచి తెల్లటి బియ్యమే ఇంటికొస్తుంది. తవుడు మిల్లు దగ్గరే ఆగిపోతుంది. పెరట్లో కోడికి మిగిలింది మెతుకు. మెతుకు తప్పు కాదు. మేతసంచి నిండా మెతుకులే ఉంటే మాత్రం కోడికి ఆకలి తీరుతుంది, ఒళ్ళు నిండదు. బియ్యంలో మాంసకృత్తులు నూటికి ఏడు పాళ్ళ దగ్గర ఉంటాయి. గుడ్లు పెట్టే పెట్టకు పదహారు పాళ్ళ దాకా కావాలి. ఆ లోటును అది పెంటకుప్పలో, ఆకుల కింద వెతుక్కోవాలి.

శ్రీలంక పల్లెల్లో 1990ల మొదట్లో పెరళ్ళలో తిరిగి మేసే కోళ్ళ మేతసంచులు విప్పి చూశారు. లోపల ఎక్కువ భాగం వంటింటి మిగులే. పురుగులు, వానపాములు, నత్తల వాటా చాలా తక్కువ. ఇలాంటి పరిశీలనల వల్ల ఒక మాట స్పష్టమైంది. ఒక పెరడు ఇన్ని కోళ్ళను మాత్రమే పోషించగలదు. ఇంటి మిగులు పెరగకుండా కోళ్ళను రెట్టింపు చేస్తే గుడ్లు పెరగవు, పిల్లలు చస్తాయి. రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ వనరాజ, గ్రామప్రియ వంటి రకాలను పెరళ్ళ కోసమే రూపొందించింది. అవి నాటుకోడి కన్నా ఎక్కువ గుడ్లు పెట్టగలవు, కానీ కడుపుకు తగ్గది దొరికితేనే. దాక గీకిన మెతుకులతో వనరాజ కూడా నాటుకోడిలాగే పెడుతుంది.

అందుకే మన పెద్దవాళ్ళు కోడిపిల్లలకు చెదలు తెచ్చి వేసేవారు. కుండలో పేడ, గడ్డి, పాత తట్ట ముక్కలు కూరి, తడిపి, పుట్ట దగ్గర బోర్లించి ఒక రాత్రి ఉంచితే తెల్లారేసరికి కుండ నిండా చెదలు. దాన్ని కోడిపిల్లల ముందు దులిపితే వాటి సంబరం చూడాలి. మాంసకృత్తులు, కొవ్వు నిండిన మేత అది, డబ్బు పెట్టి కొనక్కర్లేదు. పొలం గట్ల మీద దొరికే నత్తగుల్లలు నలిపి వేస్తే గుడ్డు పెంకుకు కావలసిన సున్నం వస్తుంది. ఒక్క గుడ్డు పెంకులో దాదాపు రెండు గ్రాముల కాల్షియం ఉంటుంది. వాడేసిన గుడ్డు పెంకులను ఎండబెట్టి, పొడి చేసి తిరిగి కోడికే వేయవచ్చు. పొడి మాత్రం మెత్తగా ఉండాలి. పెంకు పెంకులాగే కనిపిస్తే తన గుడ్డునే పొడుచుకు తినే అలవాటు పడుతుంది.

*

ఖమ్మం అనగానే మిర్చి గుర్తొస్తుంది. గోదావరి పక్క మండలాల కళ్ళాల్లో ఎర్రగా ఆరబోసిన మిర్చి మీద కోళ్ళు నడుస్తూ, గింజలు ఏరుకు తింటూ తిరగడం మనకు కొత్త కాదు. వాటి నోరు ఎందుకు మండదు?

మిరపలో మంట పుట్టించే పదార్థం క్యాప్సైసిన్. మన నాలుక మీది నరాల్లో వేడిని పసిగట్టే ఒక గ్రాహకం ఉంది. క్యాప్సైసిన్ దాన్ని తాకితే నిప్పు తగిలినట్టు మెదడుకు వార్త వెళుతుంది. కోడికీ అదే గ్రాహకం ఉంది, వేడిని పసిగడుతుంది కూడా. కానీ క్యాప్సైసిన్‌కు మాత్రం స్పందించదు. డేవిడ్ జూలియస్ ప్రయోగశాల 2002లో కోడి గ్రాహకాన్ని విడిగా పరీక్షించి ఈ సంగతి రుజువు చేసింది. ఆ గ్రాహకాన్ని కనిపెట్టినందుకే జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతిలో వాటా దక్కింది. మిరప మొక్క వైపు నుంచి చూస్తే ఇందులో పెద్ద తెలివి ఉంది. ఎలుకలాంటి జంతువు గింజను నమిలి చంపేస్తుంది. పక్షి గింజను నమలదు, దూరం మోసుకెళ్ళి రెట్టలో వదులుతుంది. చంపేవాళ్ళకు మంట, మోసేవాళ్ళకు పండు. అడవి మిరప గింజలను అలా మోసేవి పక్షులే. వాటికి మంట తెలియకపోవడం మిరపకు మేలు.

కాబట్టి కారం కూర మిగిలితే కోడికి కారం గురించి దిగులు అక్కర్లేదు. దిగులు పడాల్సింది ఉప్పు గురించి.

కోడికి ఉప్పు కావాలి, కానీ చిటికెడే. మేతలో నూటికి అరపాలు కూడా అక్కర్లేదు. మనకున్నంత బలమైన మూత్రపిండాలు పక్షికి లేవు. ఉప్పు ఎక్కువైతే ముందు విపరీతంగా నీళ్ళు తాగుతుంది, రెట్ట నీళ్ళలా పోతుంది. నీళ్ళు దొరక్కపోతే తూలుతుంది, పడిపోతుంది. చిన్న కోడిపిల్లలు పొట్టలో నీరు చేరి చనిపోతాయి. ఇప్పుడు మన కంచం అంచున పక్కన పెట్టేవి చూడండి: ఆవకాయ తొక్కు, టెంక, ఊరమిరపకాయ, అప్పడం ముక్క, ఎండుచేప తల. మన వంటలో ఉప్పు పేరుకున్నవన్నీ కంచం అంచునే చేరతాయి. ఎండుచేప విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. కోళ్ళ దాణాలో ఎండుచేప పొడి కలుపుతారన్నది నిజమే. అది ఉప్పు వేయకుండా ఎండబెట్టిన చేప. సంతలో కూరకు కొనేది ఉప్పుచేప. రెంటినీ ఒకటనుకుని ఉప్పుచేప తలలన్నీ కోడిపిల్లల ముందు వేస్తే, మండే మే నెలలో నీళ్ళ ముంత ఎండిపోయి ఉంటే, ఆ సాయంత్రమే కొన్ని లేవవు. ఎంతో ఇష్టంగా తింటుంది కదా అనుకోవద్దు. కోడికి రుచి తెలిసేది చాలా తక్కువ. మన నాలుకకు వేలల్లో ఉండే రుచిమొగ్గలు దానికి కొన్ని వందలే. తీపిని గుర్తించే జన్యువే లేదు. చేదును పట్టే జన్యువులు మనకు పాతిక దాకా ఉంటే దానికి మూడే. చేదు అంటే ప్రకృతిలో చాలాసార్లు విషానికి గుర్తు. ఆ కాపలా అంత పలచగా ఉన్న ప్రాణికి ఏది పెట్టాలో మనమే చూసుకోవాలి.

మిగతావి త్వరగా చెప్పుకుందాం. సొరకాయ, బీర, గుమ్మడి తొక్కలు, బొప్పాయి, పుచ్చకాయ చెక్కు, ఆకుకూర కాడలు, ఉడికిన కందిపప్పు, అంబలి, గంజి, ఏవీ కోడికి హాని చేయవు. ఉల్లిపాయ తొక్క ఒకటో రెండో పొడిస్తే ఏమీ కాదు, కుప్పలుగా తింటే రక్తకణాలు చితుకుతాయి. మొలకెత్తి పచ్చబడ్డ బంగాళాదుంప వద్దు. వాడేసిన టీ పొడి పారబోసే చోటు కోళ్ళు తిరగని మూలన ఉండాలి, అందులో ఇంకా కెఫీన్ మిగిలే ఉంటుంది. పట్నంలో పెంచేవాళ్ళు చాక్లెట్టూ, అవకాడో తొక్కలూ, టెంకా దూరంగా ఉంచాలి.

*

పచ్చివాటి సంగతి కొంచెం ఆగి చెప్పాలి. అడవిని ఆనుకుని బతికేవాళ్ళకు ఇది పుస్తకం చెప్పక ముందే తెలుసు, కాకపోతే తమ తిండి విషయంలో తెలుసు. అడవి దుంపల్లో కొన్నింటిని సన్నగా తరిగి, తట్టలో పోసి, పారే వాగులో రాత్రంతా ఉంచి, ఆ తర్వాతే ఉడికిస్తారు. దుంపలోని చేదు విషం నీటిలోకి పోతుంది. ఎన్ని తరాలు, ఎన్ని కడుపునొప్పులు నేర్పిన విద్యో అది. దుంప తొక్కలు మాత్రం ఇంటి ముందే పడతాయి. మనం కడిగి తినేదాన్ని కోడి కడగకుండా తింటుంది.

పచ్చి చిక్కుడు జాతి గింజలదీ అదే కథ. అనుములు, సోయా, రాజ్మా వంటివాటిలో మాంసకృత్తుల జీర్ణాన్ని అడ్డుకునే పదార్థాలుంటాయి. పచ్చి సోయా తిన్న కోడిపిల్లల్లో క్లోమం ఉబ్బిపోయి ఎదుగుదల ఆగిపోవడం కోళ్ళ శాస్త్రంలో ప్రతి విద్యార్థీ చదివే పాఠం. బాగా ఉడికిస్తే ఆ అడ్డు పోతుంది. కాబట్టి పుచ్చులని ఏరేసిన గింజలను ఊరికే చల్లకుండా కుడితి కాచేటప్పుడు అందులో వేసి ఉడకబెడితే పుచ్చు గింజ కూడా మంచి మేత అవుతుంది.

ఇప్పచెట్టు కోయవాళ్ళ ఇంటి చెట్టులాంటిది. ఇప్పపువ్వులో ఉన్నది చక్కెర. ఒకటి రెండు కోడి పొడిస్తే ఏమీ కాదు, పులిసిన కుప్ప మాత్రం వద్దు. గింజ నుంచి నూనె తీశాక మిగిలే ఇప్పచెక్క మాత్రం వేరు. అందులో సబ్బులా నురగ వచ్చే పదార్థాలుంటాయి. చెరువుల్లో పనికిరాని చేపలను చంపడానికి ఆ చెక్కనే చల్లుతారు. దాన్ని పల్లీ చెక్కలా అనుకోకూడదు. ఆముదం గింజ, ఆముదం చెక్క అసలే వద్దు. ఆ గింజలోని రిసిన్ తీవ్రమైన విషం.

ఇక పత్తి. మన తిండి కాకపోయినా, ఈ చుట్టుపక్కల ప్రతి ఇంటి ముందూ ఉండేది అదే. పత్తి గింజలో గాసిపాల్ అనే పదార్థం ఉంటుంది. దాన్ని తిన్న పెట్ట పెట్టిన గుడ్డు కొన్నాళ్ళు నిలవ ఉంటే పచ్చసొన ఆకుపచ్చ గోధుమరంగులోకి తిరుగుతుంది. గింజలోని ఒక రకం కొవ్వు వల్ల తెల్లసొన గులాబీ రంగెక్కుతుంది. సొన రంగు మారిందంటే ఎవరో దిష్టి పెట్టారని కాదు, పత్తిగింజ కుప్ప మీద కోడి మేసిందని.

*

అన్నిటికన్నా ఎక్కువ కోళ్ళకు ముప్పు తెచ్చేది బూజు. ఇంట్లో మనుషులకు పనికిరాదనుకున్న గింజే కోడికి పోతుంది. వానకు తడిసిన మొక్కజొన్న, నల్లబడ్డ జొన్న, చేదెక్కిన పల్లీ, వాసన పట్టిన నూక, అన్నిటికీ ఒకటే మాట: కోళ్ళకు వెయ్యండి. ఆ మాట ఎంత ప్రమాదమో తెలియడానికి ఇంగ్లండులో లక్ష పక్షులు చావాల్సి వచ్చింది. 1960లో అక్కడ టర్కీ కోడిపిల్లలు గుంపులు గుంపులుగా చనిపోయాయి. కారణం తెలియక దానికి టర్కీ ఎక్స్ రోగమని పేరు పెట్టారు. చివరికి బ్రెజిల్ నుంచి వచ్చిన పల్లీ చెక్క పట్టుబడింది. దాని మీద పెరిగిన బూజు వదిలిన విషానికి అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టారు. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది, వేయించినా ఉడికించినా పూర్తిగా పోదు. బూజు దులిపేసినా గింజలో ఇంకిన విషం అలాగే ఉంటుంది. ఎక్కువ ముప్పు బాతుపిల్లలకు, తర్వాత టర్కీలకు. కోళ్ళు కొంత తట్టుకుంటాయి కాబట్టి చావు వెంటనే కనిపించదు. ఎదుగుదల మందగించడం, గుడ్లు తగ్గడం, తెగుళ్ళకు తేలిగ్గా లొంగిపోవడం కనిపిస్తాయి. అందుకే ఇంటివాళ్ళు బూజును అనుమానించరు.

ఈ విషం మనుషులనూ వదలలేదు. 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు గిరిజన పల్లెల్లో బూజు మొక్కజొన్న తిని నూటికి పైగా మనుషులు కామెర్లతో చనిపోయారు. అదే తిండి తిన్న కుక్కలూ చనిపోయాయి. దాన్ని శోధించి కారణం చెప్పింది హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు.

అదే సంస్థ వాళ్ళు 1995లో మళ్ళీ పల్లెలకు వెళ్ళాల్సి వచ్చింది. ఈసారి దక్కన్ పీఠభూమిలోనే. కోతల వేళ వాన పడి జొన్న, మొక్కజొన్న చేలల్లోనే తడిసిపోయాయి. పేదవాళ్ళకు వేరే గింజ లేదు, అదే తిన్నారు. కడుపునొప్పి, కడుపులో గడబిడ, విరేచనాలు. చూసిన 50 పల్లెల్లో 27 పల్లెల్లో ఇదే పరిస్థితి. తడిసిన గింజ తిన్న ఇళ్ళలోనే రోగం ఉంది, తినని ఇళ్ళలో లేదు. గింజలో ఫ్యుమోనిసిన్ అనే మరో బూజు విషం దొరికింది. అది కారణమేనా అని తేల్చడానికి ఆ ఇళ్ళ నుంచి గింజలు తెచ్చి, ఒక రోజు వయసున్న పుంజు పిల్లలకు పెట్టారు. వాటికీ విరేచనాలు పట్టుకున్నాయి.

ఆ పరిశోధన గురించి చదివినప్పుడల్లా నాకు మన ఇళ్ళలో అనే మాటే గుర్తుకొస్తుంది, మనకు పనికిరాకపోతే కోళ్ళకు వెయ్యమని. మనిషికి ఏం జరిగిందో తెలుసుకోవడానికి శాస్త్రజ్ఞులు కోడిపిల్లనే సాక్షిగా నిలబెట్టారు. మనల్ని బాధించిన గింజే దాన్నీ బాధించింది. తడిసిన గింజ కోళ్ళకు పెట్టాలనుకుంటే అది బూజు పట్టక ముందే, అదే రోజు పెట్టాలి, లేదా ఎర్రటి ఎండలో చేతికి గలగలమనే దాకా ఆరబెట్టాలి. వాసన మారితే పెంటకుప్పలో కూడా వద్దు, కోళ్ళు వెతుక్కునేది అక్కడే. గొయ్యి తీసి పూడ్చాలి.

కుళ్ళిన మాంసం మరో గండం. చచ్చిన జంతువు మీద లుకలుకలాడే పురుగులు కోడికి ఎంతో ఇష్టం. కళేబరంలో బొటులినం క్రిములు వదిలే విషం ఆ పురుగుల్లో చేరుతుంది, పురుగులకు ఏమీ కాదు. తిన్న కోడికి మాత్రం ముందు కాళ్ళు, తర్వాత రెక్కలు, చివరికి మెడ చచ్చుబడి తల నేలకు వాలిపోతుంది. అంగట్లో కోసిన బ్రాయిలర్ కోడి పేగులు, ఈకలు తెచ్చి పెరట్లో పారేయడం కూడా అలాంటిదే. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల ఫారాల్లో బర్డ్‌ఫ్లూ బయటపడినప్పుడు ఆ వ్యర్థాల గురించి అందరూ ఆలోచించారు, నెల తిరిగాక మర్చిపోయారు. బ్రిటన్‌లో వంటింటి నుంచి వచ్చిన మిగులు ఇంటి కోళ్ళకు వేయడం చట్టం ప్రకారం నేరం. ఉడకబెట్టని హోటలు మిగులు పందులకు పెట్టడం వల్ల 2001లో గాలికుంటు రేగి అరవై లక్షలకు పైగా పశువులను చంపాల్సి వచ్చిన దేశం అది. పినపాకలో అలాంటి చట్టం కుదరదు, అక్కర్లేదు కూడా. ఇక్కడ వంటింటి మిగులు లేకపోతే కోడే లేదు. అంగడి మాంసపు వ్యర్థాల వరకు మాత్రం వాళ్ళ భయం మనకూ ఉండాలి.

ఒక మాట న్యాయంగా చెప్పాలి. పెరట్లో కోళ్ళన్నీ ఒక్కసారిగా తెల్లారేసరికి చచ్చి పడి ఉంటే, "ఏదో తిన్నయి" అనడం పరిపాటి. చాలాసార్లు తిండి తప్పు కాదు, కొక్కెర తెగులు. ఆకుపచ్చ రెట్ట, నోరు తెరిచి ఊపిరి పీల్చడం, మెడ తిప్పుకోవడం ఆ తెగులు గుర్తులు. అది ఇంటింటికీ పాకుతుంది. తిండి విషం అలా పాకదు, ఆ కంచం దగ్గర మేసిన వాటికే వస్తుంది. మీ ఇంట్లోనే పోయి పొరుగింట్లో బాగుంటే కంచాన్ని చూడండి. వాడంతా పోతుంటే పశువైద్యశాలకు వెళ్ళండి. కొక్కెరకు టీకా చుక్కలు ఉన్నాయి, తెగులు వచ్చాక మందు లేదు.

*

కోయవాళ్ళ మొక్కుల్లో కోడి ముందు బియ్యపు గింజలు పోసి, అది పొడిచేదాకా ఎదురుచూస్తారు. పొడిస్తే దేవత ఒప్పుకుందని అర్థం. ఆ నాలుగు గింజలనూ శుభ్రమైన మోదుగ ఆకులోనే పోస్తారు. విత్తే రోజుల్లో కోడికి దొరికే గింజ అంత శుభ్రం కాదు.

జూన్‌లో తొలి వాన పడగానే ఈ పల్లెల్లో పత్తి, మొక్కజొన్న విత్తనాల సంచులు తెరుచుకుంటాయి. ఆ విత్తనాలకు ఎరుపు, నీలం, గులాబీ రంగులు పట్టించి ఉంటాయి. రంగు మనకు హెచ్చరిక. దానితోపాటు పురుగుమందు, తెగులుమందు గింజకు అంటి ఉంటాయి. వాటిలో థైరం అనే మందు ఒకటి చాలు, పెట్టలు పెంకు లేని తోలుగుడ్లు పెడతాయి, పిల్లల కాళ్ళు వంకర్లు పోతాయి. పురుగుమందు పట్టించిన గింజలు ఎక్కువ తింటే అక్కడికక్కడే పడిపోతాయి. కోడి కంటికి రంగులు మనకన్నా బాగా కనిపిస్తాయి, ఆ రంగు దానికి హెచ్చరిక కాదు. విత్తనాల సంచి వాకిట్లో విప్పితే రాలిన గింజ ముందుగా దానికే కనిపిస్తుంది. ఖాళీ సంచిని నూకలకో, తవుడుకో వాడటం అంతకన్నా ప్రమాదం.

కిందటి ఏడాది నాలుగు పెట్టలను పోగొట్టుకున్న ఒక ఇంట్లో ఈ ఏడాది విత్తే రోజుల్లో కోళ్ళను వాకిట్లోకి వదల్లేదు. పెద్ద గంప బోర్లించి, మీద రాయి పెట్టి, పక్కన ముంతలో నీళ్ళు, లోపల గుప్పెడు నూకలు, రెండు మునగ రెమ్మలు. మూడో రోజు పెద్ద వాన పడ్డాక, చేలో సాళ్ళ మీద మట్టి కప్పుకుందని చూసి వచ్చాక, గంప ఎత్తారు.